బాపును రాయబోయి

మా నాన్న, మేం బాపు అని పిలిచేవాళ్ళం, పోయాక ఆయన మీద ఒక కథ రాయాలనిపించింది. పేరు కోసం కాదు, ఒక్క పూటైనా ఆయన్ని మళ్ళీ ఎదురుగా చూసుకోవాలని. గోదావరిఖనిలో బొగ్గుబాయి దిగిన మనిషి. రిటైరయ్యాక జ్వరమొచ్చి, మంచంలో పోయాడు. అందులో కథేముంది? గని కథ అంటే పైకప్పు కూలాల్సిందే కదా! నేనూ కూల్చాను. షిఫ్టు మధ్యలో అలసిపోయి బాపు ఓ చోట చతికిలబడతాడు, పైనుంచి బండ పడుతుంది. రాసి నేనే ఏడ్చాను. బాగా కుదిరిందని లోలోపల మురిశాను కూడా.

ఆదివారం నేనుండే మంచిర్యాల నుంచి ఊరికి వెళ్ళి, అవ్వా అని పిలిచే మా అమ్మకు చదివి వినిపించాను. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ వింటోంది. బండ పడగానే ఆమె చేతులు ఆగిపోయాయి.

"మీ బాపు పెండ్లి పందిట్ల కూసునేటప్పుడు గూడ మీదికి చూసేటోడు. బాయిల చూడకుంట ఎట్ల కూసుంటడు బిడ్డా?"

"అలసిపోయిండు అవ్వా, మర్శిపోయిండు."

"మర్శిపోయేటోడు మీ బాపు గాదు. వేరేటోడు."

నాకు రోషం వచ్చింది. ఇంటికొచ్చి, కథ నిలబెట్టుకోవడానికి మనిషినే మార్చేశాను. కోపిష్టిని చేశాను, ఇంట్లో గొడవపెట్టి డ్యూటీకి పంపాను. అలాంటివాడు పైకి చూడలేదంటే ఎవరైనా నమ్ముతారు. కథ చకచకా నడిచింది. చదువుకుంటే మాత్రం ఎవడో పరాయివాడు. వాడి మీద బండ పడితే నాకు కన్నీటిచుక్క రాలేదు. బాపును చూడాలని మొదలుపెట్టి బాపునే బయటికి నెట్టేశానని అర్థమైంది.

మళ్ళీ రాశాను. ఈసారి ఆయన్ని ఆయనలాగే ఉండనిచ్చాను. కూర్చునే ముందు కర్రతో పైకప్పు తట్టాడు. బోలుగా వచ్చిన ఆ చప్పుడు నచ్చక, పక్కనున్న మనిషిని భుజం పట్టి వెనక్కి లాగాడు. బండ వాళ్ళ ముందర పడింది. షిఫ్టు దిగి పైకొచ్చాడు, ఒంటికంటిన బొగ్గు కడుక్కుని ఇల్లు చేరాడు, గడపలో నిలబడి మంచినీళ్ళు అడిగాడు. ఆ పైన నా కలం కదల్లేదు. ఎంతగా తలుచుకున్నానో ఆ మనిషిని, గడపలోనే ఉన్నట్టనిపించింది.

పైవారం అమ్మకు ఇదీ చదివాను.

"ఇంక ఏం జరగాల్నో తోస్తలేదవ్వా. కథ ఈడనే ఆగింది."

అమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"ఇంటికొచ్చిండు గదా. ఇగ ఎటూ పంపకు బిడ్డా."