పదకొండో నంబరు తీగలు

మొన్న మా మనవరాలి గిటారు తీగ తెగిపోతే, రాజమండ్రిలో వాద్యాలమ్మే కొట్టుకి తనతోపాటు నేనూ వెళ్లాను. ఇంటర్ చదువుతున్న పిల్ల, ఆరు నెలలుగా ఎలక్ట్రిక్ గిటారు నేర్చుకుంటోంది. కొట్టాయన "ఏ గేజ్ ఇమ్మంటారండి, తొమ్మిదా, పదా?" అనడిగితే, మా పిల్ల ఏమాత్రం తడుముకోకుండా "ఎనిమిది ఉంటే ఎనిమిదే ఇవ్వండి అంకుల్, వేళ్లు నొప్పెడుతున్నాయి" అంది. కొట్టునిండా జనం ఉండగా, అంత మామూలుగా, గట్టిగా అనేసింది. ఎందుకో ఆ మాట విన్నాక అక్కడ నిలబడలేకపోయాను. ఫోన్ వచ్చినట్టు నటించి బయటికొచ్చి మెట్లమీద కూర్చున్నాను. అరవై ఆరేళ్ల వయసులో కూడా మనిషికి చెవులు సిగ్గుతో వేడెక్కుతాయని అప్పుడు తెలిసింది.

నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఒకప్పుడు మన గోదావరి జిల్లాల్లో కాస్త కలిగినవాళ్ల పెళ్లంటే ఆర్కెస్ట్రా ఉండాల్సిందే. అలాంటి ఒక పార్టీలో మా మేనమామ గిటారు వాయించేవాడు. ధవళేశ్వరంలో కాలువల ఆఫీసులో మ్యాపులు గీసే ఉద్యోగం. సెలవు రోజుల్లో మాత్రం ఎర్రటి ఎలక్ట్రిక్ గిటారు భుజాన వేసుకుని స్టేజీ ఎక్కితే, మ్యాపులు గీసే మనిషి ఈయనేనా అనిపించేది. డిగ్రీ అయ్యి ఉద్యోగం లేక తిరుగుతున్న నన్ను చేరదీసి, వేలుపట్టి నేర్పించి, అదే పార్టీలో తన పక్కన కుర్చీ వేయించింది ఆయనే. పాటకి ముందూ వెనకా వచ్చే ముఖ్యమైన బిట్లు ఆయన వాయిస్తే, నేను వెనకాల తాళానికి సరిపడా శ్రుతులు మీటేవాణ్ణి.

గిటారు ముట్టని వాళ్లకోసం ఒక్క మాట చెప్పాలి. తీగల లావుని, అంటే గేజ్‌ని, నంబర్లతో చెబుతారు. తొమ్మిదంటే సన్నం, పదకొండంటే లావు. లావు తీగలు నిండుగా, గంభీరంగా పలుకుతాయి గానీ, వాటిని నొక్కి పక్కకి లాగి స్వరాన్ని పైకి తీసుకెళ్లాలంటే వేళ్లలో సత్తువుండాలి. మా మావయ్య మొదటినుంచీ పదకొండే వాడేవాడు. అది ఆయన గర్వం. వేరే పార్టీల కుర్రాళ్లు సన్నతీగలు వేసుకొస్తే "అవి తీగలా, సేమ్యాలా?" అని నవ్వేవాడు, పార్టీ అంతా నవ్వేది.

అలాంటి మనిషి ఒకరోజు నన్ను డాబా మీదికి పిలిచి ఎడమచెయ్యి చాపి చూపించాడు. ఉంగరపు వేలు కణుపు దగ్గర వాచి, ఎర్రగా ఉంది. కీళ్లవాతం అన్నాట్ట డాక్టరు. "ఒరేయ్, ఈసారినించి తొమ్మిదులు కట్టరా. ఎవరితోనూ అనకు. మీ అత్తయ్యతో కూడా" అన్నాడు. ఆ మాట చెప్పేటప్పుడు నా మొహం చూడలేదు. ఆ రోజునించి ప్రతి ప్రోగ్రాంకీ ముందు తీగలు మార్చే పని నాది. తీగల లావు మారితే మెడ మీద లాగుడు మారుతుంది కాబట్టి, మెడ లోపలుండే ఇనుపకడ్డీని దానికి తగ్గట్టు తిప్పి సరిచేయడం కూడా నాకు నేర్పించాడు. ఏడాదిపాటు ఆ రహస్యం మా ఇద్దరి మధ్యే ఉంది. నాదం కొంచెం పల్చబడిందని మాస్టారు, అంటే పార్టీ నడిపే ఆయన, ఒకటి రెండుసార్లు అన్నా, గిటారుకి తగిలించే సౌండుపెట్టె పాతదైపోయిందండీ అని నేనే సర్దిచెప్పాను.

ఇంతలో ద్రాక్షారామం దగ్గర ఒక ఊళ్లో పెళ్లికి ప్రోగ్రాం వచ్చింది. పగటి ముహూర్తం, భోజనాల వేళకి పాటలు. పెళ్లికొడుకు తరఫు చుట్టం ఒకాయన మద్రాసులో సినిమా సంగీతం విభాగంలో పనిచేస్తాడని, ఆయన వస్తున్నాడని మాస్టారు ముందే చెప్పాడు. నాకు నిద్ర పట్టలేదు. మొదట్లోనే పొడుగాటి గిటారు బిట్టున్న పాట ఒకటి మా పార్టీకి పేరు తెచ్చింది. అది నేను వాయిస్తానని మావయ్యని అడిగాను. ఆయన, "ఈ ఒక్కటీ నన్ను వాయించుకోనీరా. తెలిసిన మనిషి ముందు ఒక్కసారి వాయించాలనుంది. ఆ తర్వాత నా కుర్చీ నీదే" అన్నాడు.

ఆ ఒక్కరోజు నేను ఆగలేకపోయాను.

పెళ్లిరోజు పొద్దున్నే మా అరుగుమీద కూర్చుని తీగలు మార్చాను. రేకుడబ్బాలో రెండు రకాలూ ఉండేవి. పొరపాటున చెయ్యి పదకొండు కవరుమీద పడిందని రాసుకుంటే ఎంత బాగుండును! చూసే తీశాను. లావుతీగలు బిగిస్తే మెడ ముందుకి వంగి తీగలు ఇంకా పైకి లేస్తాయని, కడ్డీ తిప్పకపోతే నొక్కడం రెట్టింపు కష్టమని నాకు తెలుసు. తెలిసే తిప్పలేదు. శ్రుతి మాత్రం శ్రద్ధగా సరిచేశాను, ఆయన నేర్పినట్టే. ఆయన మధ్యలో ఆపేస్తాడు, పక్కనే ఉన్న నన్ను పిలుస్తాడు, ఇదీ నా లెక్క.

మేము వ్యానులో ముందే వెళ్లిపోయాం. మావయ్య ఆఫీసులో సంతకం పెట్టి బస్సులో వచ్చేసరికి మైకులో పాట పేరు చెప్పేస్తున్నారు. గబగబా స్టేజీ ఎక్కి గిటారు తగిలించుకున్నాడు. వేళ్లు తీగలమీద ఆనాయో లేదో, ఒక్కసారి తలతిప్పి నావైపు చూశాడు. కోపం లేదు ఆ చూపులో. ఏదో అడగబోయి మానేసినట్టు, అంతే.

మొదలుపెట్టాడు. రెండు వరసలు బాగానే నడిచాయి. తీగ లాగి స్వరాన్ని ఎత్తాల్సిన చోట అది సగం దాకా వెళ్లి ఆగిపోయింది. మళ్లీ లాగాడు, మళ్లీ అపస్వరం. ముందు వరసలో ఎవరో నవ్వారు. డ్రమ్స్ వాయించే అతను ఏమీ అర్థంకాక తాళం వేస్తూ ఉండిపోయాడు. మావయ్య పెదవి కొరుక్కుని మూడోసారి ప్రయత్నించాడు. మొహమంతా చెమట. అప్పుడు నెమ్మదిగా పట్టీ తలమీదుగా తీసి, గిటారు నా ఒళ్లో పెట్టి, "చెయ్యి పట్టేసిందిరా, నువ్వందుకో" అన్నాడు. అందుకున్నాను. నా వేళ్లు ఇరవై రెండేళ్ల వేళ్లు. చప్పట్లు కూడా పడ్డాయి. మద్రాసాయన నన్ను పిలిచి భుజం తట్టాడు. తర్వాత వెతుక్కుంటూ మద్రాసు వెళ్తే ఆయన నన్ను గుర్తుపట్టనే లేదు గానీ, ఆ సంగతి ఎవరికి కావాలి!

సాయంత్రం నేను వ్యాను ఎక్కకుండా మావయ్యతోపాటు బస్సెక్కాను, ఇద్దరం పక్కపక్కనే కూర్చున్నాం. ఆయన తడి తువ్వాలు వేళ్లకి చుట్టుకుని, కిటికీలోంచి చేలు చూస్తూ, ఉన్నట్టుండి అన్నాడు.

"పదకొండులు కదరా?"

నేను బస్సు టిక్కెట్టుని మడతలు పెడుతూ కూర్చున్నాను.

"వేలు పెట్టగానే తెలిసింది. కంగారులో కవరు మారిపోయి ఉంటుంది. పొరపాటే కదూ?"

"పొరపాటే మావయ్యా" అన్నాను.

"అదే అనుకున్నా" అని తలూపాడు. ఆ సంగతి మళ్లీ ఎన్నడూ ఎత్తలేదు. ఒప్పుకోడానికి ఆయన దారి ఇచ్చాడో, తప్పించుకోడానికి ఇచ్చాడో ఇప్పటికీ తేల్చుకోలేను. నేను మాత్రం తప్పించుకున్నాను. తీగలు మార్చినదానికంటే ఆ రెండు మాటలే నన్ను ఎక్కువ కాల్చాయి.

ఆ తర్వాత ఆయన స్టేజీ ఎక్కలేదు. గిటారు కూడా నాకే ఇచ్చేశాడు. నాలుగేళ్లు దానితో ముఖ్య గిటారిస్టుగా వెలిగి, ఉద్యోగం రాగానే వదిలేశాను. ఎప్పుడు వాళ్లింటికి వెళ్లినా, వచ్చినవాళ్లందరికీ "మా మేనల్లుడు. నా గిటారు నాకంటే వీడి చేతిలోనే బాగా పలికింది" అని చెప్పి మురిసిపోయేవాడు. నేను కాఫీ గ్లాసులోకి చూస్తూ కూర్చునేవాణ్ణి. ఈసారి చెప్పేద్దాం అనుకుంటూనే వెళ్లేవాణ్ణి, అత్తయ్య ఉంది, ఎవరో వచ్చారు, టైమైంది అనుకుంటూ వచ్చేసేవాణ్ణి. చివరికి చెప్పడానికి మనిషే లేకుండా పోయాడు.

ఇప్పుడు పెళ్లిళ్లలో ఆర్కెస్ట్రాల చోట పెద్దపెద్ద స్పీకర్లు వచ్చాయి. గిటారు నేర్చుకునే పిల్లలు తమ చేతికి ఏది సుఖమో అది అడిగి పుచ్చుకుంటున్నారు, అడిగినందుకు ఎవరూ నవ్వడం లేదు. ఆ రోజుల్లో కూడా ఇలాగే ఉంటే మావయ్య తన నొప్పి దాచుకునేవాడు కాదు, సన్నతీగలతోనే ఇంకో పదేళ్లు హాయిగా వాయించేవాడు, ఆయన రహస్యం నా చేతికి చిక్కేదీ కాదు. ఇలా అంతా ఆ కాలం మీదికి నెట్టేస్తే మనసు కాస్త తేలికపడుతుందేమోనని చాలాసార్లు చూశాను. పడదు. ఆ పొద్దున అరుగుమీద కూర్చున్నది కాలం కాదు, నేను.