లేత గులాబీ రంగు

మా రసాయన శాస్త్రం మాస్టారికి పిల్లలు పెట్టిన పేరు పులుపు మాస్టారు. ఆమ్లాల పాఠం చెప్పేటప్పుడు ఆయన మొహం కూడా అలాగే ఉంటుంది లెండి. మాట కటువు, మనసు వెన్న అంటారే, ఆ బాపతు. పక్క గదిలో లెక్కలు చెప్పుకునే నాకు ఆయన కేకలు గోడ దాటి వినబడేవి. "చుక్కచుక్కగా వదలమన్నానా, కుళాయి విప్పమన్నానా?"

ఆయన ప్రాణమంతా ఒక్క ప్రయోగంలోనే ఉంది. కింద ఫ్లాస్కులో ఆమ్లం, పైన బ్యూరెట్టులో, అంటే కింద కుళాయి ఉన్న గీతల గాజు గొట్టంలో, క్షారం. ఆమ్లంలో రంగు చూపించే సూచిక కాస్త కలిపి, క్షారాన్ని చుక్కచుక్కగా దింపాలి. ఆమ్లం పులుపంతా విరిగిపోయిన క్షణాన లేత గులాబీ రంగు కనిపించీ కనిపించనట్టు నిలుస్తుంది. అక్కడ ఆపి, ఎంత క్షారం దిగిందో కొలత చూసుకోవాలి. రంగు ముదిరిందా, మార్కులు గోవిందా.

ఈ ఏడు ఆ లేత రంగు ఆయనకు కనబడటం మానేసింది. కంట్లో పొర. "డాక్టరుకి చూపించుకోండి, మీ మొండితనం తగలెయ్య!" అని భార్య పోరుతూనే ఉంది. సంగతి తెలిస్తే తనను ల్యాబులోంచి తప్పిస్తారని ఆయన భయం. ఎవరికీ చెప్పనని నా చేతా ఒట్టు వేయించుకున్నారు.

ప్రాక్టికల్ పరీక్షకు నేనూ సాయం వెళ్ళాను. కిటికీ పక్కనున్న అమ్మాయి చెయ్యి ఆపి, "వచ్చింది సార్" అంది.

మాస్టారు ఫ్లాస్కు కింద తెల్ల కాగితం పెట్టి వంగి చూశారు. "ఏం వచ్చింది? నీళ్ళలా ఉంటేనూ! ఇంకా వదులు."

"రంగు వచ్చింది కదా సార్..."

"నాకే నేర్పుతున్నావా? వదలమంటుంటే!"

వదిలింది. ఫ్లాస్కు ముదురు గులాబీకి తిరిగింది. అది ఆయనకూ కనబడింది. పిల్ల కళ్ళనిండా నీళ్ళు.

తప్పు పిల్లమీదకి నెట్టేస్తే అడిగేవాళ్ళు లేరు. మార్కులేసేది ఆయనే. కానీ మాస్టారు కళ్ళజోడు తీసి, గదంతా వినేట్టు అన్నారు. "తప్పు నాదేనమ్మా. లేత రంగు నా కంటికి ఆనట్లేదు. మళ్ళీ మొదలుపెట్టు."



అమ్మాయి కొత్తగా ఆమ్లం పోసుకుంది. మళ్ళీ చుక్కచుక్కగా వదిలి, ఆపింది.

"వచ్చింది సార్."

మాస్టారు వంగి చూశారు. ఆయనకు మళ్ళీ నీళ్ళే కనబడ్డాయని మొహంలోనే తెలిసిపోయింది. పిల్లల మాట నమ్మి ఏనాడూ ఒక్క మార్కు వేయని మనిషి, జేబులోంచి కలం తీశారు.

"కొలత చెప్పు తల్లీ, వేసుకుంటాను."