తువాల కింద మాట

నూనె అనే మాటలో నువ్వులున్నాయని మా వీధిలో ఎవరికీ తెలియదు. నువ్వుల నుంచి తీసిన నెయ్యి కాబట్టి నూనె. ఆ లెక్కన పల్లీనూనె అన్నవాడు పల్లీలతో చేసిన నువ్వుల నెయ్యి అంటున్నాడన్నమాట. ఈ సంగతి కొత్తపేటలో కిరాణా దుకాణం ఆయనకు ఓపిగ్గా చెబితే, అంతా విని, "ఇంతకూ ఏ ప్యాకెట్ ఇయ్యమంటవు పెద్దమనిషీ?" అన్నాడు. ఆ రోజు నూనె లేకుండానే ఇంటికి వచ్చాను.

నేను బడికి పోలేదు. నల్లగొండ పక్క ఊరి నుంచి వచ్చి, గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్లో మూటలు మోస్తూ చదువు నేర్చుకున్నాను. మామిడికాయల పెట్టెల్లో గడ్డి మీద పాత పేపర్లు పరిచేవారు. కాయలు దించాక ఆ కాగితాలు నావి. సగం చిరిగి, సగం రసం పట్టి ఉండేవి. ఏ వార్తకూ చివర దొరికేది కాదు. ఒక్కో మాటను పదిమందిని అడిగి సంపాదించుకున్నవాణ్ని, అందుకే మాటను ఇష్టం వచ్చినట్టు వాడేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. ముష్టి అంటే గుప్పిట. గుప్పెడు బియ్యం వేయడం ముష్టి వేయడం అయింది. తరువాత అడుక్కోవడమే ముష్టి అయింది. ఇప్పుడు చైతన్యపురి హాస్టళ్లలో కోచింగ్ పిల్లలు పప్పు నచ్చకపోతే ముష్టి పప్పు అంటున్నారు. గుప్పిట ఎక్కడ, ఆ పప్పు ఎక్కడ!

అన్నిటికంటే నన్ను బాధపెట్టింది మాత్రం తువాల.

మా మార్కెట్లో బేరం నోటితో జరిగేది కాదు. కొనేవాడూ అమ్మేవాడూ చేతులు కలిపితే పైన ఒక తువాల కప్పేవారు. ఆ గుడ్డ కింద వేళ్లు మాట్లాడుకునేవి. ఇన్ని వేళ్లు పట్టి నొక్కితే ఇంత ధర. ఇంకో వేలు లాగితే పెంచమని. విదిలిస్తే ఒప్పుకోనని. గుప్పిట బిగిస్తే ఖాయం. చుట్టూ పదిమంది నిలబడినా ఎవరి ధర ఎవరికీ తెలియదు. తక్కువ ధర పలికిన రైతు నలుగురిలో తలవంచుకోవలసిన పని లేదు. ఆ గుడ్డ కిందనే రైతును ముంచినవాళ్లూ ఉన్నారు, కాదనను. కానీ ఒకసారి గుప్పిట బిగిశాక మాట తప్పినవాణ్ని మార్కెట్లో మళ్లీ ఎవరూ చేయి పట్టనిచ్చేవారు కాదు. నేను మూటల నుంచి పైకొచ్చి ఒక సేఠ్ దుకాణంలో బేరగాణ్నయ్యాను. నా భుజం మీద తువాల లేని రోజు లేదు, ఇప్పటికీ.

నా భార్య అక్కడే కనిపించింది. వాళ్ల నాయిన బత్తాయిలు తెచ్చేవాడు. ఆడవాళ్లు తువాల కింద చేయి పెట్టేవారు కాదు. ఆమె పక్కన నిలబడి, తండ్రి మోచేయి కదిలే తీరును బట్టి ధర కట్టేది. ఒకసారి నేను గుప్పిట బిగించి చేయి తీయబోతుంటే, "ఇంకొక వేలు పెంచేటోడే, నువ్వే జల్ది పడ్డవ్ నాయినా" అని తండ్రిని కసిరింది. నిజంగానే పెంచేవాణ్ని. ఆ సంగతి పెళ్లయ్యేదాకా ఒప్పుకోలేదు.

మేము కొత్తపేటలో ఒక్క గదిలో కాపురం పెట్టాం. ఆ గది ఎప్పుడూ చుట్టాలతో నిండి ఉండేది. దవాఖాన పనికి వచ్చినవాళ్లు, కొలువు వెతుక్కుంటూ వచ్చినవాళ్లు. వాళ్ల ముందు మాట్లాడుకోవడం కుదరదు కాబట్టి నేను తువాల పరిచేవాణ్ని, ఆమె చేయి దూర్చేది. బియ్యం ఎన్ని పూటలకు సరిపోతాయి, మా అన్నను ఇంకెన్నాళ్లు ఉంచుకుందాం, బిడ్డను ఏ బడిలో వేద్దాం, అన్నీ ఆ గుడ్డ కిందే తేలేవి. ఏం అడిగినా ఆమె మొదట ఇంకో వేలు లాగేది. ఒకే వేలితో ఎప్పుడూ ఊరుకోలేదు. తరువాత తను దిల్‌సుఖ్‌నగర్ బస్టాండ్ పక్కన గంప పెట్టుకుని పండ్లు అమ్మినన్నాళ్లూ గిరాకీలను కూడా అలాగే ఏడిపించింది. తువాల కింద మాట అంటే మా ఇంట్లో మొగుడూ పెళ్లాల మాట. మా బిడ్డ చిన్నప్పుడు ఏదైనా కావాలంటే, "అమ్మను తువాల కింద అడుగు నాయినా" అనేది.

ఆ మాట కూడా చెడిపోయింది. మా అల్లుడు ఎల్బీనగర్‌లో ప్లాట్లు అమ్మించే పని చేస్తాడు. ఒక రోజు అన్నం తింటూ, "ఆఫీసుల తువాల కింద ఇయ్యంది కాగితం కదలదు మామా" అన్నాడు. లంచం అని అతని ఉద్దేశం. నేను కంచం ముందు నుంచి లేచాను. నా భార్య నవ్వి, "మార్కెటే పోయింది. మాట ఏడుంటది? నువ్వు కూసో" అంది. మార్కెట్ అప్పటికే ఊరవతలికి పోయింది. ఆ స్థలంలో పెద్ద దవాఖాన కడుతున్నారు. నేను కూర్చోలేదు.

పోయిన ఎండాకాలం ఆమెకు పక్షవాతం వచ్చింది. కుడి పక్కంతా పడిపోయింది. మాట పోయింది. పోలేదు, ఒక్కటి మిగిలింది. బోణీ.

తెల్లవారగానే అమ్మే మొదటి కాయ బోణీ. గంప పక్కన ఎన్నో ఏళ్లు, రోజూ నోట వచ్చిన మొదటి మాట అదే కాబట్టి అదే మిగిలిందేమో. ఈ మాట మీద కూడా నేను లోకంతో కొట్లాడినవాణ్నే. క్రికెట్ ఆటలో జట్టు బోణీ కొట్టిందని పేపర్లో రాస్తే, కొన్నదెవరు, అమ్మిందెవరు అని అరిచేవాణ్ని. ఇప్పుడు నా ఇంట్లోనే నీళ్లు బోణీ. నొప్పి బోణీ. ఫ్యాన్ ఆపడం బోణీ. బిడ్డను చూసినా బోణీ, నన్ను చూసినా బోణీ. ఆ మాట ఎక్కడ పుట్టిందో చెప్పగలను. ఆమెకు ఇప్పుడు దప్పికయిందో లేదో మాత్రం చెప్పలేను. ఎప్పుడో ఒకప్పుడు పనికొస్తుందని కూడబెట్టుకున్న చదువు ఒక గ్లాసు నీళ్లకు కూడా పనికిరాలేదు.

చైతన్యపురిలో మాటలు నేర్పించే ఒక అమ్మాయి దగ్గరికి తీసుకుపోయాం. కోచింగ్ సెంటర్ మీది అంతస్తు. కింద నుంచి పాఠాలు వినిపిస్తుంటే పైన మేము బొమ్మల అట్టలు పట్టుకుని కూర్చునేవాళ్లం. ఆ అమ్మాయిది గోదావరి వైపు. మంచిదే, కాదనను. "తాతగారూ, ఆవిడ బోణీ అన్నప్పుడల్లా మీరు పరుగెత్తకండి. నీళ్లు అని మీరే అని చూపించండి. కనీసం 'నీ' అన్నాక ఇవ్వండి. అలా అయితేనే అలవాటవుతుందండీ" అంది.

నేను అలాగే చేశాను. తప్పు మాటను దిద్దడం నాకు చేతనైన పనే కదా. గ్లాసు పట్టుకుని నీళ్లు, నీళ్లు అనేవాణ్ని. ఆమె బోణీ అనేది. నేను తల అడ్డంగా ఊపేవాణ్ని. కొన్నాళ్లకు ఆమె గ్లాసు వైపు చూడడం మానేసింది. ఇంకొన్నాళ్లకు నోరు తెరవడం మానేసింది. గొంతులో శక్తి లేక మింగలేకపోతోందో, ఇక వద్దనుకుందో ఎవరికీ అర్థం కాలేదు. నేను అట్టలన్నీ అటక మీద పడేసి, బోణీ అంటే చాలు గ్లాసు తీసుకుని పరుగెత్తడం మొదలుపెట్టాను. అప్పటికి ఆమె బోణీ అనడం కూడా తగ్గిపోయింది.

ఎల్బీనగర్ దవాఖానలో డాక్టర్ చూసి, ఇలాగే ఉంటే కష్టమని, పొట్టకు గొట్టం వేసి దాంట్లో నుంచి ఆహారం పంపాలని చెప్పాడు. ఆమెకు విషయం అర్థమయ్యే పరిస్థితి కనిపించడం లేదని, కాబట్టి సోమవారం నాటికి ఇంటివాళ్లే ఏదో ఒకటి తేల్చుకుని రావాలని అన్నాడు. బయటికి వచ్చి మెట్రో స్తంభం నీడలో నిలబడ్డాం. ఆమెను అడగాలన్నాను. బిడ్డకు కళ్లనీళ్లూ కోపమూ ఒకేసారి వచ్చాయి.

"ఎవరిని అడుగుతవు నాయినా? అమ్మకు ఏం సమజైతలేదు. నీ బొంద మాటలు నువ్వూ. గొట్టం పెట్టిపిద్దాం, కనీసం పాణంతోని ఉంటది."

ఆమెకు అర్థమవుతోందని అనడానికి నా దగ్గర ఏ రుజువూ లేదు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు మాత్రం ఆమె మంచం పక్కన కూర్చుని తువాల పరిచేవాణ్ని. ఆమె కుడిచేతిని నా చేతిలోకి తీసుకుని, గుడ్డ కప్పి, అడిగేవాణ్ని. నొప్పి ఉందా? గొట్టం వేయించమంటవా? నన్ను గుర్తుపట్టినవా? వేళ్లు నొక్కేవాణ్ని. ఆ చెయ్యి బియ్యం మూటలా బరువుగా పడి ఉండేది. విదిలింపూ లేదు, గుప్పిటా లేదు. రోజూ అదే. బిడ్డ చెప్పిందే నిజమేమో, నేను బతికున్న మనిషితో కాకుండా తువాలతో మాట్లాడుతున్నానేమో అని భయమేసింది. ఒక సాయంత్రం కర్మన్‌ఘాట్ హనుమంతుడి గుడి దాకా నడిచిపోయి, లోపలికి పోకుండా చెప్పుల దగ్గరే కూర్చుని తిరిగి వచ్చాను. ఏం మొక్కుకోవాలో మాట దొరకలేదు.

పడిపోయిన చేతిని ఎందుకు పట్టుకున్నావని చదివేవాళ్లు అడగవచ్చు. తువాల కిందికి ఎడమచేయి రాదు. అది మా మార్కెట్లో ఉన్నవాళ్లకు నెత్తురులో ఇంకిన సంగతి. ఎడమచేత్తో బేరమాడడం ఎదుటివాణ్ని తిట్టడం కంటే ఎక్కువ. ఒకసారి నా కుడిచేతికి తేలు కుట్టి వాచిపోతే, ఎడమచేయి పెడతానన్నాను. మా సేఠ్ లేచి కొట్టబోయాడు. ఇంకో చేయి ఉందన్న ఆలోచనే నాకు రాలేదు. ఎదురుగా దుప్పటి మీద ఆమె ఎడమచేయి రోజంతా కదులుతూనే ఉన్నా రాలేదు.

ఆదివారం మధ్యాహ్నం బిడ్డ రాగిజావ కాచి తెచ్చింది. ఆమె నోరు బిగించుకుంది. చెంచా పళ్లకు తగిలి జావ గదువ మీదికి కారింది. తుడుద్దామని నేను మంచానికి ఎడమ పక్కకు వచ్చి వంగాను. ఆమె ఎడమచేయి లేచి నా భుజం మీది తువాల కొస పట్టుకుంది. లాగింది. గుడ్డ జారి నా చేతి మీద పడింది. ఆ గుడ్డ కిందికి ఆమె వేళ్లు వచ్చాయి.

నేను చేయి వెనక్కి తీసుకోబోయాను. ఎడమచేయి అని. ఇంత చెప్పినవాణ్ని, ఆ క్షణంలో కూడా తీసుకోబోయాను. ఆమె వదలలేదు.

"ఊకె అట్ల పట్టుకుంటది నాయినా. నరాలు గుంజుతయంట, డాక్టర్ చెప్పిండు" అంది బిడ్డ.

నేను రెండు వేళ్లు అందించి నొక్కాను. గుడ్డ కింద కొంచెంసేపు ఏమీ కదలలేదు. తరువాత ఆమె తడుముకుంటూ వచ్చి, నా మూడో వేలు పట్టుకుని లాగింది.

ఇంకొకటి పెంచు.

బిడ్డ నా మొహం చూసి చెంచా గిన్నెలో పెట్టింది. చిన్నప్పుడు ఆ గుడ్డ ముందు కూర్చుని తల్లి మోచేయిని చూస్తూ పెరిగిన పిల్లే. ఇప్పుడూ మోచేయినే చూసింది. "అమ్మా" అంది.

"పొట్టకు గొట్టం ఏపిస్తమంటున్నరు. ఏపియ్యాల్నా?" అని అడిగాను.

విదిలించింది. ఆ చేతిలో అంత బలం ఉందనుకోలేదు.

"మరి జావ తాగుతవా?"

విదిలించింది.

"కొంచెం నీళ్లన్నా?"

విదిలించింది. నా వైపు చూస్తూ "బోణీ" అంది. ఎప్పటిలా కాదు, గొంతు తగ్గించి. అందులో ఏముందో నాకు తెలియదు. తెలిసినట్టు రాయలేను.

ఇక మిగిలిన ప్రశ్న ఒక్కటే, ఇక చాలనుకుంటున్నవా అని. అది నోట్లో మెదిలింది, బయటికి రాలేదు. బిడ్డ మంచం అటువైపు కూర్చుని తల్లి కుడిచేతిని ఒళ్లో పెట్టుకుంది.

"రేపు డాక్టర్‌కు ఏం చెప్దాం నాయినా?"

అర్థమైతుందని చెబుదామన్నాను. గొట్టం వద్దంటోందని చెబుదామన్నాను. "ఇంకా?" అంది బిడ్డ. ఇంకా ఏముందో నాకు తెలిస్తే కదా. మార్కెట్లో అమ్మేవాడు విదిలిస్తే బేరం చెడినట్టు కాదు. అడిగిన ధరనే మళ్లీ అడగకూడదు, పెంచాలి. చేయి బయటికి తీసినప్పుడే చెడినట్టు. నేను పెంచడానికి దేన్ని తేవాలి? జావ వద్దంది, నీళ్లు వద్దంది, గొట్టం వద్దంది. నా దగ్గర ఉన్నవన్నీ అడిగేశాను.

జావ గిన్నెలో మీగడ కట్టింది. బయట వీధిలో ఎవరో బండి మీద బత్తాయిలు అరుస్తూ పోయారు. నా నడుము లాగేస్తున్నా వంగినవాణ్ని వంగినట్టే ఉన్నాను. ఆమె కళ్లు మూసుకుంది. చేయి మాత్రం తువాల కింద నుంచి తీయలేదు.