కర్నూలులో ఎక్కాం, కడపలో దిగాం

చెన్నైలో మా చెల్లెలు కొత్త ఇంట్లోకి దిగుతోంది. మామూలుగా అయితే పత్తికొండ నుంచి ఆదోని వెళ్ళి రైలెక్కుతాం. ఈసారి అంగడి వదిలి రావడానికి మా ఆయనకు కుదరలేదు. నన్ను ఒంటరిగా రాత్రి రైల్లో పంపడం ఇష్టం లేక, కర్నూలు దగ్గరి ఓర్వకల్లు విమానాశ్రయం నుంచి టికెట్ తీశారు. మూడున్నర వేలయింది. తెల్లవారుజామున పత్తికొండలో బస్సెక్కితే రెండు గంటల్లో కర్నూలు. అక్కడి నుంచి నంద్యాల రోడ్డులో అరగంట పైగా ఆటో ప్రయాణం, ఐదు వందలు తీసుకున్నాడు. "ఇమానం చూడను శానా మంది వస్తాండారక్కా, ఎక్కేటోళ్ళే తక్కువ" అన్నాడు ఆటో నడిపే అతను.

అది రెక్కలకు పంకాలుండే చిన్న విమానం. నాది కుడివైపు కిటికీ సీటు, పంకాకు కాస్త వెనక. పక్కన కోసిగి నుంచి వచ్చిన మరియమ్మ కూర్చుంది. యాభై ఏళ్ళుంటాయి. వానలు పడని ప్రతి ఏడూ గుంటూరు వైపు మిరప కోతలకు వలసపోయి బిడ్డను చదివించిందట. ఆ బిడ్డ ఎస్తేరు ఇదే విమానంలో ఎయిర్ హోస్టెస్. అమ్మకు తన పని చూపించాలని, తన డ్యూటీ ఉన్న రోజే టికెట్ తీసింది. వచ్చి అమ్మ బెల్టు బిగించి, నా బెల్టు కూడా చూసి, వెనక తలుపు దగ్గర తన సీటుకు వెళ్ళిపోయింది.

పైకి లేచి కాసేపయింది. కింద ఎర్రమట్టి చేలు చూస్తున్నాను. ఉన్నట్టుండి కుడివైపు పంకా నెమ్మదించింది. దాని రెక్కలు ఒక్కొక్కటీ కంటికి కనబడి, చివరికి పంకా ఆగిపోయింది. విమానం కొద్దిగా ఒక పక్కకు తూగి మళ్ళీ సర్దుకుంది. ఎస్తేరు తన సీటు పక్కనున్న ఫోనెత్తి, కెప్టెన్ చెప్పింది విని పెట్టేసింది. కెప్టెన్ ఇంగ్లీషులో, హిందీలో ఏదో చెప్పారు. సగం మందికి అర్థం కాలేదు, వెనక ఎవరో ఏడుపు మొదలుపెట్టారు. అప్పుడు ఎస్తేరు మైకు తీసుకుంది. అంతకుముందు పుస్తకంలో ఉన్నట్టు మాట్లాడిన పిల్ల, ఇప్పుడు మా ఊరి మాటలో చెప్పింది.

"కుడిపక్క ఇంజన్లో మంట అని గంట మోగినాది. కెప్టెన్ దాన్ని ఆపేసి, మంట ఆర్పే మందు కొట్టినారు. రెండో ఇంజన్ బాగుండాది, దాంతోనే కడపలో దిగుతాండాము. దిగినాంక సంచులు ముట్టుకోవద్దు. వట్టి చేతులతో రాండి, నేను తలుపు కాడ ఉంటా."

ఏడుపు ఆగింది. ముందువైపు ఇంకో సీనియర్ ఎయిర్ హోస్టెస్, వెనకవైపు ఎస్తేరు, వరసవరసకూ వచ్చి తల ఎలా వంచాలో, చేతులు ఎక్కడ పెట్టాలో చూపించారు. మా వరసకు వచ్చినప్పుడు మరియమ్మ కూతురి చెయ్యి పట్టుకుంది.

"నువ్వెప్పుడు దిగుతావు మే?"

"అందరూ దిగినాంకమ్మా. నా కోసం నిలబడద్దు. నువ్వు నిలబడితే ఎనకున్నోళ్ళు ఆగిపోతారు."

మరియమ్మ ఆ చెయ్యి వదిలేసింది. తల వంచి ప్రార్థన చేసుకుంది. నాకు తెలిసిన దేవుళ్ళందరినీ నేనూ తలుచుకున్నాను.

కడప రన్‌వే మీద చక్రాలు గట్టిగానే తగిలాయి. ఫైరింజన్లు మా వెంటే పరుగెత్తాయి. వెనక తలుపు తెరుచుకుంది. ఒకాయన పైనున్న పెట్టె లాగబోతే ఎస్తేరు గట్టిగా కసిరింది. మరియమ్మ తన బిడ్డను దాటుకునే నడిచింది, ఆగలేదు. దూరంగా ఎండుగడ్డిలోకి వెళ్ళాక మాత్రం వెనక్కి తిరిగి ఆ తలుపునే చూస్తూ నిలబడింది. ఒక్కొక్కరే దిగుతున్నారు. ఎస్తేరు ఇంకా రాలేదు. సీట్ల మధ్య ఎవరైనా మిగిలారేమోనని చివరిదాకా చూసి, అప్పుడు దిగింది. నడుచుకుంటూ మా దగ్గరికి వచ్చింది. మరియమ్మ ఆ పిల్ల రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని, "పొద్దన్నుంచి ఏమన్నా తిన్న్యావా?" అని అడిగింది.

మంట లేదని తర్వాత తేలింది. ఒక గొట్టం నుంచి వేడిగాలి కారి హెచ్చరిక మోగిందట. నిజమా కాదా అని గాల్లో తేల్చుకునే వీలుండదని, మంట ఉన్నట్టే నడుచుకుంటామని కెప్టెన్ మాకు చెప్పారు. మధ్యాహ్నం ఎయిర్‌పోర్టు వాళ్ళు కారం దోసెలు తెప్పించారు. సాయంత్రం వేరే విమానం వచ్చింది. కొందరు బస్సుకు వెళ్ళిపోయారు. నేను విమానమే ఎక్కాను. ఆ రోజుకు డ్యూటీ అయిపోయిన ఎస్తేరు మామూలు ప్రయాణికురాలిలా వాళ్ళమ్మ పక్కన కూర్చుని, పైకి లేవకముందే నిద్రపోయింది. మరియమ్మ దారి పొడవునా కిటికీలోంచి మేఘాలు చూస్తూనే ఉంది.

మళ్ళీ విమానం ఎక్కుతావా అని ఇంట్లో అందరూ అడుగుతున్నారు. ఎక్కుతాను. టీ కప్పులు అందించే ఆ పిల్లలు అసలు దేనికి ఉన్నారో నేను కళ్ళారా చూశాను. ఇకమీదట వాళ్ళు తలుపులు చూపించి చెప్పేటప్పుడు ఫోను పక్కన పెట్టి వింటాను. మీరు వెళ్ళేటప్పుడు ఒక్కటి చేయండి: ఆధార్, ఫోను, రోజూ వేసుకునే మందులు చిన్న సంచిలో వేసి మెడకో నడుముకో కట్టుకోండి. దిగమన్నప్పుడు పైనున్న పెట్టె వైపు చూడాల్సిన పని ఉండదు.