సాగర్ నడుమ ఐసు దొంగ

పడవలు ముంచినవాళ్లు లోకంలో చాలామంది ఉంటారు. పడవను ముంచకుండా, అందులో ఉన్న పదకొండు మందిని చెమటలో ముంచిన ఘనుణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. ఎలాగో చెబుతాను, కడుపారా నవ్వుకోండి. కానీ కేతేపల్లిలో మా అవ్వ ముందు మాత్రం ఈ మాట ఎత్తకండి.

తెలంగాణ వచ్చిన కొత్తలో సంగతి. నాకు ఇరవై మూడేళ్లు. నాగార్జునసాగర్‌లో ఒక సారు కొత్త మోటారు పడవ దించాడు. తెల్లటి ఒళ్లు, మెత్తటి సోఫాలు, ఏసీ గది. పడవ అంటే ఆయనకు కోపం, యాట్ అనాలి. నన్ను నెల రోజులు చూసి ఉంచుకుంటానన్నాడు. ఆ నెల ఆఖరి రోజున అచ్చంపేట నుంచి ఆయన అత్తగారి వాళ్లంతా దిగారు.

"మా మామకు కూల్‌డ్రింకు సల్లగుండాలె, గది సల్లగుండాలె. గీ రెండే నీ పని. మంచిగ జేస్తే పర్మినెంటు. లేకుంటే పొద్దుమూకే లోపల కేతేపల్లి బస్సెక్కు" అన్నాడు సారు.

బస్సు ఎలా ఎక్కను? తన మనుమడు ఓడ మీద ఆఫీసరని మా అవ్వ అప్పటికే ఊరంతా టాంటాం వేసింది.

పెద్ద పెట్టెలో ఐసు, నలభై సీసాలు పేర్చి, పైన ఊక పోసి, గోనెపట్ట కప్పాను. పడవ నడిపే మల్లయ్య యాభై దాటిన మనిషి, మాట తక్కువ. మాట తక్కువ మనుషులంటే నాకు పుట్టుకతోనే అనుమానం. పైగా ఆయన పెట్టె వైపు చూసి, "గంత ఐసా!" అన్నాడు. చూశారా, అప్పుడే కన్ను పడింది!

అందుకే పెట్టె లోపలి గోడ మీద, ఐసు ఎంతవరకు ఉందో బొగ్గుతో గీత గీశాను. పది నిమిషాలకు మూత తీసి చూస్తే ఐసు గీత కంటే కిందికి దిగింది. సీసాలన్నీ ఎండలో పెట్టి లెక్కపెట్టాను. నలభైకి నలభై ఉన్నాయి. అంటే ఈ దొంగకు సీసాలు అక్కర్లేదు, ఐసే కావాలి. ఎంత తెలివో చూడండి!

"మల్లన్నా, ఐసు తగ్గింది."

"ఎండకాలం తగ్గదా పిలగా?"

"ఎవరన్న తీసినా తగ్గుతది."

"మూత పెట్టి కూసో."

మూత పెట్టమంటున్నాడంటే అర్థమేమిటి? నేను చూడకూడదనేగా!

అప్పటి నుంచి పది నిమిషాలకోసారి ఊక తోయడం, సీసాలు దించడం, లెక్కపెట్టడం, కొత్త గీత గీయడం. కరిగిన నీళ్లలో గీతలు కనబడటం లేదని అడుగున బిరడా పీకి, ఆ చల్లటి నీళ్లు కూడా సాగర్‌లోకి వదిలేశాను. గదిలోకి గ్లాసులు తీసుకెళ్లినప్పుడు కూడా మల్లయ్య మీద కన్ను ఉండాలని, తలుపు మూసుకోకుండా నా చెప్పు అడ్డం పెట్టాను.

"గిదేం ఏసీ అల్లుడా? మా ఇంట్ల విసనకర్రే నయం!" అంటూ మామగారు తువ్వాలతో మెడ తుడుచుకున్నారు.

"జర ఓపిక పట్టుండ్రి మామా, సల్లటి డ్రింకులొస్తయి" అంటూ సారు నా వైపు చూశాడు. ఆ చూపులో కేతేపల్లి బస్సు హారన్ వినబడింది.

సరిగ్గా అప్పుడే తలుపు సందులోంచి చూశాను. మల్లయ్య నీళ్లు తాగుతున్నాడు. తాగి, కళ్లు మూసుకుని, "అబ్బ, సల్లగున్నయి" అన్నాడు. దొరికాడు!

"సార్! ఐసు దొంగ దొరికిండు! రాండ్రి! గీ ఎండల గా నీళ్లు గంత సల్లగ ఎట్లున్నయో అడుగుండ్రి!"

పదకొండు మందీ బయటికొచ్చారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవాలి కదా, ఈయన భుజం మీది తువ్వాలు కూడా సర్దుకోలేదు. నెమ్మదిగా లేచి, పడవకు నీడ ఉన్న వైపు గాలికి వేలాడుతున్న సొరకాయ బుర్రను తెచ్చి చూపించాడు. ఎండబెట్టి తొలిచిన బుర్ర, చుట్టూ తడి గోనెపట్ట.

"చేన్ల మా బాపు గిట్లనే కట్టేటోడు సార్. గోనె తడుపుకుంట ఉండాలె, మూత మాటిమాటికి ముట్టొద్దు. గంతే."

"మరి ఐసేమైంది?" అన్నాడు సారు.

"పొద్దుగాలసంది పిలగాడు పదారు సార్లు మూత తెరిసిండు సార్. వాడు సీసాలు లెక్కవెట్టిండు, నేను వాణ్ణి లెక్కవెట్టిన."

సారు పదిహేడోసారి మూత తీశాడు. లోపల తడి ఊక, పదహారు బొగ్గు గీతలు, నలభై వెచ్చటి సీసాలు. మామగారు ఒక సీసా తెరిచి గుక్కెడు తాగి, "మంచిగ కాగింది బిడ్డా. జర చాయ్‌పత్తి ఎయ్యి" అన్నారు.

కంచే చేను మేసిందంటారు. నేనైతే మేసి, పక్కవాడి మూతి వాసన చూశాను. సిగ్గుతో చచ్చిపోయాను. అందరూ మల్లయ్య బుర్రలోంచి తలా ఒక గుక్క తాగుతుంటే తల ఎత్తలేక, "తప్పయింది మల్లన్నా" అన్నాను.

"రేపటికెల్లి పర్మినెంటు" అన్నాడు సారు. నేను చటుక్కున తలెత్తాను. "నువ్వు గాదు. సల్లదనం పని ఇగ మల్లన్నదే. నువ్వు బస్సెక్కు."

మల్లయ్య నన్ను ఎగాదిగా చూశాడు. "ఉండనియ్యుండ్రి సార్. గోనె తడిపేటానికి ఒక మనిషి గావాలె. పది నిమిషాలకోపారి మతికి జేసుకునేటోడు గిట్లాంటోడు మళ్ల దొరకడు."

అలా నాకు ఉద్యోగం దొరికింది. మా అవ్వ లెక్కలో నేను ఇప్పటికీ ఆఫీసరునే.

ఆ రోజే కృష్ణమ్మ నీళ్లు చేతిలో పట్టుకుని ఒట్టు పెట్టుకున్నాను, ఈ జన్మలో అనుమానంతో ఏ మూతా తెరవనని. నిన్న మా ఆవిడ, "ఫ్రిజ్‌ల పెరుగున్నదా సూడు" అంది. తలుపు తీయకుండా చెవి ఆనించి విన్నాను. ఉన్నట్టే ఉంది.