మా అత్త పెట్టిన మొదటి గుర్తు

మా అత్త పోయిందన్న కబురు వచ్చినప్పుడు నేను రాజాంలో, కాలేజీ ల్యాబులో, బ్యూరెట్ ముందు నిలబడి ఉన్నాను. ఫోన్లో నాన్న ఎక్కువ మాట్లాడలేదు. "మీ అత్త ఎల్లిపోయిందే. బేగొచ్చీ" అన్నాడు. ద్రవం ఎక్కడ ఆగిందో చూసి, ఆ అంకె రాసుకుని, అప్పుడు బయటికొచ్చి ఏడ్చాను. గొప్ప కోసం చెప్పడం లేదు. అంకె రాయకుండా వచ్చేస్తే ఆవిడే తిట్టేది. నా కోపం చూసినప్పుడల్లా ఆవిడ అనే మాట ఒకటుంది. "ముందు సూడు, తరవాత తిట్టు."

శ్రీకాకుళంలో ఒక బస్సు, టెక్కలిలో ఇంకో బస్సు మారి, నౌపడ ఉప్పుమళ్ళ పక్క నుంచి ఆటోలో మా ఊరు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. అత్త వాకిట్లో మగవాళ్ళు చాలామంది ఉన్నారు. తెప్పలున్నవాళ్ళు, వలలున్నవాళ్ళు, కులపెద్దలు. మూడేళ్ళలో ఆ వాకిట్లో వాళ్ళు అడుగు పెట్టడం అదే మొదటిసారి. ఎందుకు రాలేదో, అందులో నా పాపమెంతో చెప్పడానికే ఇది రాస్తున్నాను. చదివేవాళ్ళు ఓపిక పట్టాలి.

అత్త మా నాన్నకు అక్క. మామ గుజరాత్ బోట్ల మీద పనికి పోయేవాడు, ఏడాదిలో ఎనిమిది నెలలు అక్కడే. పిల్లలు లేరు. అత్త పది పాసైంది. పెళ్ళయిన కొత్తలో టెక్కలిలో టీవీ, రేడియో మెకానిక్ శిక్షణ ఇస్తున్నారని విని ఒక్కతే బయల్దేరి వెళ్ళింది. గుమ్మం దగ్గరి గుమాస్తా తల ఎత్తకుండా, "కుట్టు మిషన్లు వెనకాల గదిలో అమ్మా" అన్నాడట. "నా సీర సిరగలేదు బాబూ, నా రేడియో పాడయింది" అందట ఈవిడ. చేర్చుకున్నారు కాని, రెండు వారాల పాటు సోల్డరింగ్ ఐరన్ ముట్టుకోనివ్వలేదు. చీర అంటుకుంటుందట. మూడో వారం అత్త చేపలు ఎండబెట్టేటప్పుడు కట్టినట్టు చీర గోచీ పోసి కట్టుకుని వెళ్ళి ముందు వరసలో కూచుంది. చివర్లో ఇచ్చిన సర్టిఫికెట్ మీద పేరుకు ముందు శ్రీ అని అచ్చేసి ఉంది. ఆడవాళ్ళు వస్తారని ఎవరూ అనుకోలేదు మరి. ఆవిడ గొడవ పడలేదు. నీలం పెన్నుతో పక్కన "మతి" అని తనే రాసుకుని, ఫ్రేము కట్టించి, వీధరుగు మీద తగిలించింది. ఆ అరుగే ఆవిడ షాపు.

మామ ఒకసారి గుజరాత్ నుంచి చెడిపోయిన జీపీఎస్ సెట్టు ఒకటి తెచ్చాడు. సముద్రం మీద మనం ఎక్కడున్నామో, ఒడ్డు ఎటుందో, ఎంత దూరమో చూపించే చేతి సెట్టు. అత్త దాన్ని నెల్లాళ్ళు విప్పింది, బిగించింది, మళ్ళీ విప్పింది. చివరికి బాగయింది. తర్వాత చుట్టుపక్కల పది ఊళ్ళ సెట్లు ఆ అరుగు మీదికే వచ్చేవి. బాగు చేయడమే కాదు, చేపలు దొరికిన చోట్లను సెట్టులో గుర్తులుగా ఎక్కించడమూ ఆవిడే నేర్పింది. ఎవరి చోటు వాళ్ళకు రహస్యం. అన్ని రహస్యాలూ తెలిసిన మనిషి ఊళ్ళో ఆవిడొక్కతే. ఒకరి చోటు ఇంకొకరికి చెప్పలేదు. చేతికొచ్చిన మా ఊరి సెట్టు ఏదైనా, అందులో మొదటి గుర్తు మాత్రం తనే పెట్టేది. మా ఊరి ముందు తెప్పలు లాగే ఇసక దగ్గరికి వెళ్ళి, ఇంగ్లీషు అక్షరాల్లో "ఇల్లు" అని కొట్టేది. "ఇంకేది మర్సిపోయినా ఇది ఉండాల" అనేది.

ఇంత తెలిసిన ఆవిడ ఒక్కసారైనా తెప్ప ఎక్కలేదు. ఆడది తెప్ప ఎక్కకూడదు, వల దాటకూడదు. అక్కడితో ఆగితే సరే. ఆవిడ చెయ్యి పడిన సెట్టును తెప్పలో పెట్టే ముందు పసుపు నీళ్ళు చల్లి శుద్ధి చేసేవాళ్ళు. ఎవరు చల్లాలి? తెప్ప యజమాని భార్య. ఆడదాని చెయ్యి తగిలిన మైలను ఆడదాని చేతే కడిగిస్తారన్న మాట. నేను ఇంటరు చదివే రోజుల్లో ఈ సంగతి తలుచుకుని పళ్ళు కొరికేదాన్ని. మూఢనమ్మకాల మీద దొరికిన కరపత్రమల్లా చదివి, నోరు తెరిస్తే ఉపన్యాసమే వచ్చేది నాకు.

ఒకరోజు అత్త ఒక సెట్టు మూత తీసి నా వైపు తిప్పింది.

"ఏటి కనిపిస్తంది?"

"బోర్డు."

"సరిగ్గా సూడు."

బోర్డు మూలల్లో పసుప్పచ్చని మరక.

"ఈ వారంలో ఇది మూడోది. నాను బాగు సేత్తాను, ఆల్లు పసుపు నీల్లు పోత్తారు, మల్లీ నా కాడికే వస్తాది" అని నవ్వింది.

"చల్లొద్దని చెప్పవేం?"

"సెప్తే సెట్లు ఇవ్వడం మానేత్తారు. సెట్టు లేకుండా ఎల్తే దారి తప్పుతారు. నాకు తగువెందుకే? నీల్లు లోపలికెల్లకపోతే సాలు."

ఆ రోజు నుంచి పాత సైకిలు ట్యూబు కోసి సన్నని రింగులు చేసి, మూత చుట్టూ జిగురుతో అతికించడం మొదలెట్టింది. జిగురు ఒక రోజు ఆరాలి. "రేపు రా" అని మూత మీద కాగితం అంటించేది. ఆ రింగులొచ్చాక పసుపు మరకలు తగ్గిపోయాయి. ఎందుకు తగ్గాయో ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు. మా జిల్లాలో ఇంత తెలివైన పని ఏ ఇంజనీరు చేసినా పేపర్లో ఫొటో వేసుండేవారు.

ఆ ఏడే మా వీధిలో ఒక అన్నయ్య తెప్ప తిరిగి రాలేదు. నలుగురు వేటకు వెళ్ళారు. మబ్బు పట్టి ఒడ్డు కానరాలేదు, సెట్టు ఆగిపోయింది. ఎటు పోతున్నారో తెలియక ఇంజన్లో ఆయిల్ అయిపోయేదాకా తిరిగారు. ఆరో రోజున ఒడిశా వైపు వాళ్ళకు ఆ తెప్ప దొరికింది. ముగ్గురు బతికి ఉన్నారు. తెప్ప యజమాని, ఆ అన్నయ్య, దూరంగా ఏదో దీపం కనపడితే ఈదుకెళ్ళి మనుషుల్ని తెస్తానని దూకాడట. మళ్ళీ కనపడలేదు. అతని భార్యకు, మా వదినకు, అప్పటికి పెళ్ళయి రెండేళ్ళు కాలేదు.

చేపల వేలం పాట పాడే షెడ్డులో పెద్దలు కూచున్నారు. అత్తను నిలబెట్టారు. ఆ సెట్టును ఆవిడ కాళ్ళ ముందు పడేశారు.

"మావు ముందే సెప్పినాం," అన్నాడు ఒక పెద్దాయన. "ఆడదాని సెయ్యి పడ్డ సామాను సముద్రం మీదికి పనికిరాదని. ఇంటే కదా ఎవరైనా."

అత్త వంగి సెట్టు తీసుకుంది. ఇంక ఎవరూ ఈ ఇంటికి సెట్టు ఇవ్వకూడదన్నారు. అత్త సెట్టును కొంగులో చుట్టుకుని ఇంటికి నడిచింది.

ఇంటికొచ్చి మూత తీస్తే నేను పక్కనే ఉన్నాను. రింగు ఒక పక్క ఊడి ఉంది. బోర్డు నిండా పసుపు. అత్త చాలాసేపు చూసింది. తర్వాత పాత టూత్ బ్రష్షు పెట్రోల్లో ముంచి, మరకంతా నిదానంగా తుడిచేసింది.

"నివ్వేటీ సూడలేదు," అంది.

నేను మాట ఇవ్వలేదు. ఆ తర్వాత ఏడాది రాజాం వచ్చాను. ఊళ్ళో సెట్లు బాగు కోసం విశాఖ వెళ్ళి పదిహేను రోజులకు వస్తుంటే, అంతవరకూ మగవాళ్ళు ఉత్త చేతుల్తో వేటకు పోతుంటే, అత్త ఖాళీ అరుగు మీద కూచుని పక్కింటి ఆడవాళ్ళ సెల్‌ఫోన్లకు చార్జింగ్ పిన్నులు మారుస్తుంటే, నాకు ఒళ్ళు మండిపోయింది. కరపత్రం రాశాను. "సెట్టు చెడింది ఆడదాని చేతి వల్ల కాదు, మీ పసుపు నీళ్ళ వల్ల" అని పెద్దక్షరాల్లో అచ్చేయించి, సెలవులకొచ్చినప్పుడు తీరం పొడుగునా పంచాను. నిజం చెప్పాననుకున్నాను. నిజం ఎవరింటికి వెళ్ళి కూచుంటుందో ఆలోచించలేదు.

వదినకు చదువు రాదు. ఎండుచేపల దగ్గర ఎవరో ఆ కాగితం చదివి వినిపించారు. సాయంత్రం కాగితం మడిచి పట్టుకుని అత్త అరుగు దగ్గరికి వచ్చింది. పైకెక్కలేదు.

"అత్తా, ఇది నిజమేనా? ఆ పసుపు నీల్లు సల్లింది నానే కదా."

"కాదే అమ్మా. జిగురు ఆరలేదు. ఆరని సెట్టిచ్చినాను. తప్పు నాది. ఈ గుంటకేటి తెలుసు, ఏదో రాసీసింది." అత్త నా వైపు తిరిగింది. "అబద్దం రాసినానని సెప్పవే."

నేను చెప్పలేదు. పైగా అరిచాను. "అబద్ధమెలా అవుతుంది? పసుపంతా నువ్వే బ్రష్షు పెట్టి తుడిచావు. నేను చూశాను."

వదిన తన కుడి అరచెయ్యి వైపు చూసుకుంది. ఆ చూపు నేను మర్చిపోలేను. అత్త లేచి వచ్చి నన్ను కొట్టింది. జీవితంలో ఒక్కసారే కొట్టింది. కరపత్రం వల్ల పెద్దలు మారలేదు, సెట్లు తిరిగి రాలేదు, ఒక్క వదిన మాత్రం వీధిలోకి రావడం మానేసింది. అత్తా నేనూ ఏడాది పాటు మాట్లాడుకోలేదు.

మళ్ళీ మాట్లాడుకున్నది ఆస్పత్రిలో. మా వైపు చాలామందికి పోయినట్టే ఆవిడకూ కిడ్నీలు పోయాయి. డయాలసిస్ మంచం మీద, ముఖం ఉబ్బిపోయి, పక్కనున్న మిషన్ను చూస్తోంది. "ఆ పంపు సూడే, ఎంత నిదానంగా తిరగతందో. లోపల గాలెల్తే ఎలా తెలుస్తాది బాబూ?" అని టెక్నీషియన్ను అడిగింది. అతను మా నాన్న వైపు తిరిగి జవాబు చెప్పాడు. "అడిగింది నాను, సెప్తంది మీ నాన్నకి," అంది నాతో, నీరసంగా నవ్వుతూ. ఎన్ని మంచాలు ఎక్కినా ఆ టెక్కలి గుమాస్తా ఆవిడను వదల్లేదు.

అప్పుడు తనే ఎత్తింది.

"నివ్వు రాసిందాంట్లో సగమే ఉన్నాదే. జిగురు ఆరలేదన్నది నిజం. సేపలు తగిలినాయి అత్తా, ఇప్పుడే ఇచ్చీ అని మీ అన్నయ్య కాల్లా యేల్లా పడితే ఇచ్చీసినాను. ఆరితే పసుపు నీల్లేటి, వాన నీల్లైనా ఎల్లవు. అది రాయలేదేటి?"

"నాకు తెలీదు కదా."

"అడిగినావా? రెండు కారణాలుంటే నీకు నచ్చింది ఒకటి రాసీడం సైన్సు కాదే. తగువు."

నేను క్షమించమని అడగలేదు. కోపమింకా ఉందనుకున్నాను. ఉన్నది సిగ్గు. ఇప్పుడు అడుగుతున్నాను, ఇలా అచ్చులో, ఆవిడ చదవలేని చోట.

అత్త పోయిన రోజు వాకిట్లో నిలబడ్డ మగవాళ్ళు అత్తను మోశారు. మోసిన నలుగురి తెప్పల్లోనూ ఆవిడ పెట్టిన మొదటి గుర్తు ఉంది. ఒక్కరూ ఆ మాట ఎత్తలేదు. నా నోటి దాకా వచ్చింది. ముందు సూడు అన్న మాట గుర్తొచ్చి చూస్తూ ఉండిపోయాను. ఒకతను ఏడుస్తున్నాడు. షెడ్డులో మాట్లాడిన పెద్దాయనే.

దినకార్యం అయ్యాక మర్నాడు వదిన వచ్చింది. ఈసారి అరుగెక్కింది.

"మా ఆయన సెట్టు అత్త కాడే ఉండిపోయింది. ఇస్తావేటి?"

రేకు పెట్టె అడుగున, పాలిథీన్ సంచిలో దొరికింది. కొత్త రింగు వేసి ఉంది. మూత మీద అత్త చేతి రాతతో కాగితం. "ఆరింది." ఎన్నాళ్ళ కిందట బాగు చేసి పెట్టిందో, ఎవరొచ్చి అడుగుతారని కూచుందో తెలీదు. సెల్స్ వేశాను. ఇంట్లో పైకప్పు కింద దానికి ఉపగ్రహాలు అందవు. ఇద్దరం తీరానికి నడిచాం.

తెప్పల మధ్య నిలబడి వదిన అడిగింది. "నివ్వు సదువుకున్నదానివి. సరిగ్గా సెప్పు. పసుపా, జిగురా?"

ఈసారి పెద్దక్షరాల్లో కాకుండా, నెమ్మదిగా చెప్పాను.

"రెండూ, వదినా. పసుపు నీళ్ళు పడకపోయినా, జిగురు ఆరి ఉన్నా, సెట్టు ఆగేది కాదు."

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"మరి మా ఆయన తొందరో?" అంది. "రేపటిదాకా ఆగమంటే ఆగినాడేటి? అదెవురూ రాయలేదు."

అత్త ఉండి ఉంటే ఆమెను పక్కన కూచోబెట్టుకుని స్క్రూడ్రైవరు చేతికిచ్చేది.

సెట్టు తెర మీద అంకెలు కాసేపు తడుముకుని నిలబడ్డాయి.

"ఏటంటందే?"

"ఇంటి కాడే ఉన్నారంటంది, వదినా. దూరం సున్నా."

ఆమె దాన్ని రెండు చేతుల్తో పట్టుకుని నీళ్ళలోకి నడిచింది. మోకాళ్ళ దాకా వెళ్ళి ఆగింది. అల ఒకటి లేచి ఆమె చేతుల్నీ, సెట్టునీ ముంచేసి వెనక్కి పోయింది. ఆమె చేతులు పైకెత్తి నాకు చూపించింది. ఉప్పునీళ్ళు కారుతున్న ఆ తెర మీద "ఇల్లు" అన్న అక్షరాలు అలాగే వెలుగుతున్నాయి.