నాయన వైపు పలకలు

అట్టపెట్టె మూత తీయగానే గుప్పుమనే లేత కొయ్య వాసన కోసమే నేను ఓడలు చేస్తానేమో అనిపిస్తుంది ఒక్కోసారి. కర్నూలు పక్క కల్లూరులో మా ఇంటి ముందుగదిలో, కిటికీ కింద షేర్ ఆటోల వాళ్ళు జనాన్ని కేకలేసి పిలుచుకుంటుంటే, ఆదివారం పూట బల్ల మీద పాత పేపరు పరిచి కొత్తగా తెప్పించిన పెట్టె విప్పుతాను. లోపల సన్నటి పొడుగాటి కొయ్యపట్టీలు కట్టలుగా ఉంటాయి. పక్కన ఓడకు వెన్నులా నిలిచే పలక, దానికి అడ్డంగా పక్కటెముకల్లా దిగే పలకలు, తెరచాపలకు గుడ్డ, తాళ్ళకు దారపుండలు, చిన్న పొట్లంలో ఇత్తడి మేకులు. ఆ ముక్కలన్నిటినీ నెలల తరబడి ఒక్కొక్కటే అతికించుకుంటూ పోతే మూరెడు పొడవున్న ఓడ ఒకటి తయారవుతుంది. అది ఏ నీళ్ళలోనూ తిరగదు, గాజు అలమరలో కూర్చుంటుంది. కర్నూలు ఎండలో, బ్యాంకులో పనిచేసుకునే ఆడమనిషికి ఈ ఓడల పిచ్చి ఎక్కడ పట్టుకుందని అడగని చుట్టం లేదు. నేను నవ్వి ఊరుకుంటాను, కాఫీ ఇచ్చి మాట మారుస్తాను.

ఆ వాసన నన్ను కడప జిల్లాలోని మా ఊరికి లాక్కుపోతుంది. మాది రాళ్ళ ఊరు. గోడలు రాళ్ళు, నేల నాపబండలు, చేల గట్లూ రాళ్ళే. మా ఇల్లు ఊరి చివర, చెనక్కాయ చేలకు ఆనుకుని ఉండేది. ఇంట్లో అమ్మ, నేను, నాయన వాళ్ళ నాయన. ఆయన్ని నేను జేజినాయన అనేదాన్ని. ఆయన భార్య, మా జేజి, నేను పుట్టకముందే పోయింది. నాకు అన్నదమ్ములు లేరు, అక్కచెల్లెళ్ళు లేరు. మా నాయన కువైటులో ఒక అరబ్బు సేటు ఇంట్లో డ్రైవరుగా ఉండేవాడు. రెండేళ్ళకోసారి సెలవు మీద వచ్చి, మేము ఆయనకు అలవాటు పడేలోపలే వెళ్ళిపోయేవాడు.

తొలివాన పడిన రోజు మట్టివాసనకు ఎద్దులు ముట్టెలెత్తి చూడటం, ఆషాఢం గాలికి దండెం మీది బట్టలన్నీ ముళ్ళకంపలో చిక్కుకోవడం, కొత్త చెనక్కాయలు ఉప్పేసి ఉడకబెడితే ఆ ఆవిరికి ఇల్లంతా పచ్చివాసన నిండటం, పీర్ల పండగకు సాయిబుల ఇండ్లనుంచి చెంబుతో వచ్చే బెల్లం పానకం, ఉగాదికి అమ్మ చేసే ఓళిగల మీద కరిగి జారే నెయ్యి, అన్నీ నాకు కళ్ళకు కట్టినట్టు గుర్తే. కానీ వీటన్నిటి పక్కన నన్ను నేను తలచుకున్నప్పుడు ఒక్కదాన్నే కనబడతాను. మా అరుగుబండ మీద ఎవరో ఎప్పుడో చెక్కిన వామనగుంటలు ఉండేవి, ఇటు ఒక వరస, అటు ఒక వరస. చింతపిక్కలు పోసుకుని ఇటు కూర్చుని నా ఆట ఆడేదాన్ని. తర్వాత లేచి, అటువైపు పోయి కూర్చుని, ఎదుటిమనిషి ఆట ఆడేదాన్ని. ఎదుటిమనిషిని మోసం చేసేదాన్ని కాదు. చాలాసార్లు ఆ మనిషే గెలిచేది.

"ఏమ్మే, ఒక్కదానివే అటూ ఇటూ తిరుక్కుంటా ఆడతాండావు, చూసినోళ్ళు ఏమనుకుంటారు?" అనేది అమ్మ, చేట చెరుగుతూ. ఎవరు చూస్తారు గనక అని నాకు కోపం వచ్చేది.

నాకు తొమ్మిదో ఏడో పదో ఏడో వచ్చిన ఏట నాయన తెచ్చిన పెట్టెల్లో, సెంటు సీసాలూ సబ్బులూ పూలపూల దుప్పట్లూ ఖర్జూరం ముద్దలతో పాటు, మూత మీద తెరచాపల ఓడ బొమ్మ ఉన్న అట్టపెట్టె ఒకటి వచ్చింది. సేటు కొడుకు దాన్ని రెండు రోజులు చూసి విసుగుపుట్టి మూలన పడేస్తే, నాయన అడిగి తెచ్చుకున్నాడట. లోపలి కాగితం మీది భాష మా ఇంట్లోనే కాదు, మా బడిలో కూడా ఎవరికీ రాదు. బొమ్మలు మాత్రం వరసగా ఉన్నాయి. నాయన ఆ బొమ్మల్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, అంగట్లో తెల్లబంక డబ్బా కొనుక్కొచ్చి, అరుగు మీద వామనగుంటల పక్కనే పని మొదలుపెట్టాడు.

వెన్నుపలక నిలబెట్టి పక్కటెముకలు దించాక, వాటిమీద ఓడ పొట్టకు పలకలుగా పట్టీలు పరవాలి. అక్కడే ఉంది కిటుకంతా. ఒకవైపే పరుచుకుంటూ పోతే ఆ లాగుడికి వెన్ను వంకర పోతుంది. అందుకని ఎడమవైపు ఒకటి, కుడివైపు ఒకటి, మార్చి మార్చి అతికించాలి. నాయన ఎడమవైపు కూర్చున్నాడు, నన్ను కుడివైపు కూర్చోబెట్టాడు. అమ్మ కాచి ఇచ్చిన వేణ్ణీళ్ళలో పట్టీ నానబెట్టి, మెత్తబడ్డాక మెల్లగా వంచి, బంక పూసి, అది పట్టేదాకా వేళ్ళతో అదిమి పట్టుకునేవాళ్ళం. ఆయన ఒక పలక, నేను ఒక పలక. అదిమి పట్టుకుని ఉన్నంతసేపూ ఇంకేం చేయడానికి లేదు గనక ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునేవాళ్ళం. కువైటులో ఇసుకగాలి వస్తే పగలే దీపాలు పెడతారని, సముద్రం ఒడ్డున ఇట్లాంటి కొయ్యపడవలు నిజంగానే కట్టి ఉంటాయని, వాటిని చూసినప్పుడల్లా ఎక్కి ఇంటికి వచ్చేయాలనిపిస్తుందని ఆయన చెప్పింది అప్పుడే. నా జీవితంలో మా నాయనతో నేను అంత మాట్లాడింది అంతకుముందు లేదు, ఆ తర్వాతా లేదు.

జేజినాయన మంచం మీద కూర్చుని తమలపాకులు నములుతూ చూసేవాడు. పట్టీ వేణ్ణీళ్ళలో మెత్తబడటం ఆయనకు నచ్చింది. "కొయ్య ఏదైనా అంతేప్పా. నీళ్ళు తాగితే చెప్పినట్టు ఇంటాది," అన్నాడు.

ఓడ పొట్ట సగం నిండేసరికి నాయన సెలవు అయిపోయింది. బయల్దేరే పొద్దున సగం ఓడను పాత దుప్పటిలో చుట్టి బీరువా మీద పెట్టి, "మిగిలింది నేనొచ్చినాక ఇద్దరం చేద్దాం పాపా. నువ్వొక్కదానివే అతికించాకు, వెన్ను వంకర పోతాది," అన్నాడు. ఆయన వైపు ఎన్ని పలకలో నా వైపూ అన్నే. నేను నా వైపు ఒక్కటి ఎక్కువ పెట్టినా ఓడ పాడవుతుంది. అందుకని ముట్టుకోలేదు. రోజూ బడినుంచి వచ్చి, స్టూలెక్కి, దుప్పటి కొంచెం తప్పించి చూసుకుని, మళ్ళీ కప్పి దిగేదాన్ని. అప్పటికి నాకున్న కోరికల్లా ఒక్కటే, ఆ ఓడ మేమిద్దరం పూర్తి చేయాలి.

నాయన ఊళ్ళో అంగడి ఫోనుకు ఎప్పుడన్నా చేసేవాడు. జేజినాయన, అమ్మ మాట్లాడాక నాకిచ్చేవాళ్ళు. బాగా చదువుతాండావా, వాన పడిందా, ఎద్దులు బాగుండాయా అని అడిగేవాడు. ఓడ ఎట్లుందని అడుగుతాడేమోనని రిసీవరు చెవికి గట్టిగా అదుముకుని నిలబడేదాన్ని. అడిగేవాడు కాదు. లైను కట్టయ్యేది.

మరుసటేడు ఎండలు మామూలుగా కాయలేదు. మిద్దె పైకప్పు కింది కొయ్య దంతెలు రాత్రింబవళ్ళు టపటపమనేవి, తలుపు చెక్కలు ఎండి గొళ్ళాలు సరిగ్గా పడేవి కావు. ఒకరోజు దుప్పటి తీసి చూస్తే ఓడ పలకలు ఎండి, కుంచించుకుపోయి, వాటి మధ్య నా గోరు దూరేంత సందులు. కొన్ని పలకల కొసలు లేచి ఉన్నాయి. నేను పెట్టిన కేకకు అమ్మ పొయ్యి దగ్గరనుంచి పరుగెత్తుకుని వచ్చింది.

జేజినాయన ఓడను చేతుల్లోకి తీసుకుని, కళ్ళ దగ్గర పెట్టుకుని, సందుల్లోంచి వెలుతురు చూసి, నవ్వాడు. ఆయనకు అది జబ్బే కాదు. మా వైపు ఎండాకాలం ప్రతి బండికీ ఇదే గతి: చక్రాల ఆకులు ఎండి వదులై, పైనున్న ఇనుపకట్టు జారిపోయేటట్టు అవుతుంది. అప్పుడు చక్రాలు ఊడదీసి నీళ్ళ తొట్టిలో నానేస్తే, కొయ్య ఉబ్బి మళ్ళీ బిగుసుకుంటుంది. మా పెరట్లో నాపబండలు నిలబెట్టి కట్టిన తొట్టి ఉండేది, ఆ వారం మా బండి చక్రాలు రెండూ అందులోనే నానుతున్నాయి.

"దీనికి ఏడుస్తారా పాపా? ఎండకు ఎండినాది, అంతే. తెల్లారేతలికి బిగుసుకుంటాది సూడు," అని ఓడను తీసుకుపోయి తొట్టిలో వదిలాడు.

ఓడ తేలింది. సగం పొట్టతో, తెరచాపలు లేకుండా, ఒకవైపుకు కొంచెం ఒరిగి, రెండు బండిచక్రాల మధ్య తేలింది. నేను ఏడుపు మరిచిపోయాను. జేజినాయన నీళ్ళను చేత్తో కదిలిస్తే అది చక్రం చుట్టూ తిరిగి నా దగ్గరకు వచ్చింది, నేను మళ్ళీ ఆయన దగ్గరకు నెట్టాను. అట్లా ఎంతసేపు ఆడుకున్నామో తెలియదు. ఆ తర్వాత ఆయన, తేలితే అడుగుభాగం మాత్రమే నానుతుందని, దానిమీద ఒక చదునైన రాయి పెట్టి ముంచాడు.

పొద్దున లేచి చూస్తే తొట్టినిండా పట్టీలు తేలుతున్నాయి. బంక కరిగి నీళ్ళు పాలు కలిసినట్టు తెల్లగా ఉన్నాయి. అడుగున రాయి కింద వెన్నుపలక, పక్కటెముకలు. చక్రాలు మాత్రం రాయిలా బిగుసుకుని ఉన్నాయి.

జేజినాయన చేయి నీళ్ళలో పెట్టి అట్లాగే నిలబడిపోయాడు. "బండిచక్రం బిగుసుకుంటాదే... ఇదెట్ల ఇడిపాయె?" అన్నాడు, నాతో కాదు, తొట్టితో అన్నట్టు. చక్రానికి బంక ఉండదని ఆయనకెవరు చెప్పాలి? ఆ పూట సంగటి ముద్ద ముట్టలేదు. పైపంచెతో వడగట్టి ఒక్కో పట్టీనీ ఏరి, నీడన ఆరబెట్టి, సాయంత్రం దారంతో కట్టి నా చేతికిచ్చాడు. ఆయన మీద కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. కోపం వచ్చుంటే బాగుండేది. ఎవరినో ఒకరిని తిట్టుకుని తేలికపడేదాన్ని. పలకలన్నీ కలిసిపోయాయి. ఏది నాయన వైపుదో ఏది నా వైపుదో చెప్పడానికి లేదు. అరుగు మీద వాటిని రెండు వరసలుగా పరిచి, ఇటు కూర్చుని ఒకసారి, అటు కూర్చుని ఒకసారి చూశాను. ఆరిన పట్టీలు ఒక్కోటి ఒక్కో తీరుగా మెలిదిరిగి ఉన్నాయి, ఏ ఒక్కటీ మళ్ళీ అతికేట్టు లేదు.

ఆ తర్వాతి సెలవుకు నాయన వచ్చేనాటికి బోరు వేయించే పని, మిద్దె పడగొట్టి స్లాబు వేసే పని. ఓడ పెట్టెను ఆయనకు కనబడేటట్టు మంచం మీద పెట్టాను. సూట్‌కేసు పెట్టడానికి అడ్డమైతే దాన్ని తీసి కింద పెట్టాడు. నేను తీసుకుపోయి దాచుకున్నాను. నాకు చేతిగడియారం తెచ్చాడు. ఊళ్ళో అంత మంచి గడియారం ఇంకెవరికీ లేదు.

నాయన కువైటునుంచి పూర్తిగా వచ్చేసేసరికి జేజినాయన లేడు, నాకు ఉద్యోగమూ పెళ్ళీ అయి కల్లూరు చేరాను. కళ్ళు చూపించుకోవడానికని ఒకసారి మా ఇంటికి వచ్చాడు. అప్పుడు నేను మొదటి పెట్టె కొని పలకలు పరుస్తున్నాను. చెప్పకుండానే కుర్చీ లాక్కుని బల్లకు ఎడమవైపు కూర్చున్నాడు. పట్టీ ఒకటి తీసి వేలితో తడిమి, "శానా ఓపిక కావాల గదమ్మా దీనికి. ఇట్లాంటివి యాడ నేర్చుకుంటివి?" అన్నాడు.

నీ దగ్గరే అని చెబితే బాధపడతాడు. చెప్పకపోతే ఆ అరుగూ ఆ వేణ్ణీళ్ళూ నాకొక్కదానికే మిగిలిపోతాయి. "ఊరికే, చూసి నేర్చుకున్యా నాయనా. నువ్వు ఆ పక్క కొంచెం అదిమి పట్టుకో," అన్నాను. పట్టుకున్నాడు. బంక ఆరేదాకా, పెద్దపనేదో అప్పజెప్పినట్టు, కదలకుండా పట్టుకున్నాడు. సాయంత్రం దాకా మార్చి మార్చి అతికించాం. పెద్దగా మాట్లాడుకోలేదు. మర్నాడు బస్సెక్కి ఊరికి పోయాడు. ఆ ఓడ అయిపోయేలోపల ఆయనే పోయాడు.

ఇప్పుడు మా ఊళ్ళో ఎద్దులబండి ఒక్కటీ లేదు. నానేయడానికి చక్రాలు లేవు, తొట్టి బండలు ఎవరో మురుగు మోరీ మీద పరిచారు. వామనగుంటల అరుగు స్లాబింటి మెట్ల కిందికి పోయింది. జేజినాయన కట్టిన పట్టీల కట్ట మాత్రం నా దగ్గర ఉంది, దారం కూడా విప్పలేదు. ఎండాకాలం వస్తే ఓడల అలమరలో ఒక గిన్నెతో నీళ్ళు పెడతాను, ఆ తేమకు పలకలు విడవకుండా ఉంటాయి. జేజినాయన అన్నది పూర్తిగా తప్పేమీ కాదు.

బల్లకు రెండు కుర్చీలు వేసుకుంటాను. ఎడమవైపు కూర్చుని ఒక పలక అతికించి, ఆరేదాకా అదిమి పట్టుకుంటాను. తర్వాత లేచి, బల్ల చుట్టూ తిరిగి, కుడివైపు కూర్చుని ఇంకొకటి అతికిస్తాను. "ఓడను తిప్పుకుంటే సరిపోతాది గదా, నువ్వెందుకు తిరుగుతాండావు?" అన్నాడు నా భర్త, కొత్తలో ఒకసారి. నిజమే, చిన్న ఓడ, తిప్పుకుంటే సరిపోతుంది. కానీ అప్పుడు ఎడమవైపు కుర్చీలో ఎవరూ ఉండరు.